అర్థం కాని భాషలో అరుపులు

బర్బాంక్‌లో, కిటికీ లేని గదిలో కూర్చుని
వినపడనివాళ్ల కోసం చప్పుళ్లు రాస్తాను.
తలుపు కిర్రుమంటే కిర్రుమందని,
వయొలిన్ దిగులుగా ఉంటే దిగులుగా ఉందని.
వరుసకి ఇన్ని అక్షరాలు,
నిమిషానికి ఇన్ని డాలర్లు.

ఈసారి వచ్చింది యుద్ధం సినిమా.
మన హీరో
(అప్పుడే మన అనేశాను చూశారా)
ఇసుక రంగు ఊళ్లో దిగుతాడు.
ఊరికి పేరు లేదు.
హీరోకి కుక్క ఉంది, కుక్కకి పేరుంది,
పళ్లూడిన నవ్వుతో కూతురు
ఫోన్లో రెండుసార్లు కనిపిస్తుంది.

నలభై ఏడో నిమిషంలో
డాబా మీంచి ఒకడు అరుస్తాడు.
నాలుగు సెకన్లు. తర్వాత తూటా.

మా ఆఫీసు నియమాల్లో పద్నాలుగో పేజీ:
ప్రేక్షకుడికి తెలియాల్సిన పని లేకపోతే
అనువదించొద్దు, ఇలా రాయండి:
"అర్థం కాని భాషలో అరుపులు."
రాశాను.
ఎవరికి అర్థం కాని భాష అని
నియమం చెప్పలేదు, నేనూ అడగలేదు.

కానీ ఆ నాలుగు సెకన్లు
పంటి సందులో మామిడి పీచు.
ఎక్స్‌ట్రాల జాబితాలో నంబరు పట్టి ఫోన్ చేస్తే
ఎల్ కహోన్‌లో ఒక టైర్ల షాపు పలికింది.
హోర్మిజ్. అరవై రెండేళ్లు.
ఆదివారం తప్ప ఎప్పుడు పిలిచినా వెళ్లి చస్తాడు,
రోజుకి నూట ఎనభై, భోజనం వాళ్లదే.
ఇప్పటికి పంతొమ్మిదిసార్లు చచ్చాడు.
ఒక్కసారీ పేరు లేదు.

"ఏమని అరిచారు?"
"ఏదో ఒకటి అరవమన్నారమ్మా.
మా తమ్ముడు గుర్తొచ్చాడు.
ఒరేయ్ కమీల్, వ్యాను అడ్డం తియ్యరా,
నిన్నటి నుంచి మొత్తుకుంటున్నా, గాడిదా! అన్నా.
మా అమ్మ భాషలో.
డైరెక్టరుకి ఒళ్లు జలదరించిందట,
ఇంకోసారి అరవమన్నాడు."

హెలికాప్టర్లు మాత్రం అసలువే.
సైన్యం అరువిచ్చింది.
ఇచ్చే ముందు స్క్రిప్టు చదివింది.
నా దగ్గరున్న పాత ప్రతిలో, అరవై ఒకటో పేజీలో,
కాల్చాక హీరో డాబా ఎక్కుతాడు,
చచ్చినవాడి జేబులో చీటీ తీసి చూస్తాడు,
చాలాసేపు కిందికి దిగడు.
కొత్త ప్రతిలో
ఆ డాబాకి మెట్లు లేవు.

పగటివేషగాడు శక్తి వేషం కట్టి నాలుక చాపితే
పిల్లలు జడుసుకుంటారు.
సాయంత్రం అదే నాలుకతో గుమ్మం ముందు
గుప్పెడు బియ్యం అడుగుతాడు.
వేషం తెలుసు ఊరికి, మనిషీ తెలుసు.
ఇక్కడ హోర్మిజ్ రంగు కడుక్కుని ఇంటికెళ్లిపోతాడు,
జడుపు మాత్రం హాల్లోనే ఉండిపోతుంది,
ఎవరి ముఖం దొరికితే
వాళ్లకి అంటుకుంటుంది.

శనివారం ఉదయం, ఎల్ కహోన్‌లోనే,
తెర కింద అక్షరాలు పడే ఆట.
హోర్మిజ్ ఇంటిల్లిపాదీ పదకొండు మంది, పన్నెండో దాన్ని నేను.
కమీల్ కూడా వచ్చాడు,
వ్యాను ఎక్కడో అడ్డంగా పెట్టే ఉంటాడు.

నలభై ఏడో నిమిషం.
హాలంతా ఊపిరి బిగబట్టింది.
డాబా మీద నోరు తెరుచుకుంది.
మా వరుస పగలబడి నవ్వింది.
కమీల్ చేతిలో పాప్‌కార్న్ ఎగిరి పడింది,
వాళ్ల పెద్దమ్మ నవ్వలేక కళ్లు తుడుచుకుంది,
నేనూ నవ్వాను, గట్టిగా.

తూటా.
చప్పట్లు.

ఆ చప్పట్లు సగంలో ఆగి
తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.
ఆ చూపు నాకు తెలుసు.
నలభై ఆరో నిమిషంలో, తుపాకీ గొట్టం మీదుగా,
హీరో డాబా వంక చూసిన చూపు.
పెద్దమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపింది.
హోర్మిజ్ ఏదో అన్నాడు, చాలా చిన్నగా,
తన భాషలో.

ముందు వరుసలో ఒక్క కుర్రాడు తల తిప్పలేదు.
మా నవ్వు అతనికి వినపడలేదు.
నేను రాసింది చదివాడు, నమ్మాడు,
పక్కవాళ్ల చేతులు చూసి మొదలుపెట్టాడు,
అందరూ ఆపేశారని తెలీక
ఒక్కడే
ఇంకా కొడుతున్నాడు.